ఫ్లై ఫిషింగ్ నేర్చుకుందాం – రెండో పాఠం: గడ్డి మీద మొదటి విసురు

ఈకలతో చుట్టిన పురుగు బొమ్మని ఎరగా విసిరి చేపలు పట్టడమే ఫ్లై ఫిషింగ్. మొదటి పాఠంలో దానికి సామాను సమకూర్చుకున్నాం: తొమ్మిది అడుగుల ఆరో నంబరు రాడ్, అదే నంబరు తేలే లైన్, ఒక మామూలు రీల్. ఈ పాఠంలో వాటితో విసరడం మొదలుపెడతాం. నీళ్ల దగ్గరికి మాత్రం వెళ్లం. హుక్ కూడా కట్టం. కొత్త రాడ్ చేతికొచ్చాక ఈ మాట ఎవరికీ నచ్చదని తెలుసు. కానీ చెరువు గట్టున నిలబడితే కళ్లు నీళ్ల మీద నుంచి కదలవు. ఈ విద్యలో అసలు పని జరిగేదేమో మన వీపు వెనక. వెనక్కి వేసిన లైన్ బాగుంటే ముందుకు దాదాపు దానంతట అదే పోతుంది. వెనక చెడితే ముందు ఎంత బలం పెట్టినా లాభం లేదు. గడ్డి మీద అయితే మెడ తిప్పి ఎన్నిసార్లయినా వెనక్కి చూసుకోవచ్చు, ఈలోగా పారిపోయే చేప ఏదీ లేదు.

పైగా బెంగళూరులో గాలం వేయనిచ్చే నీళ్లని వెతుక్కుంటూ పోవాలి. గడ్డి నేలకి ఆ తిప్పలు లేవు. లేఅవుట్ పార్కో, అపార్ట్‌మెంట్ లానో, పొద్దున్నే ఖాళీగా ఉండే క్రికెట్ గ్రౌండో నడిచి వెళ్లే దూరంలో ఏదో ఒకటి ఉంటుంది.

బరువు ఎక్కడుంది

ఊళ్లో వేసే గాలం సంగతి మనందరికీ తెలిసిందే. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, చిన్న సీసం గుండు, వానపాము. విసిరితే గుండు ముందు పోతుంది, దాని వెంట దారం పోతుంది. స్పిన్నింగ్ రాడ్‌లో కూడా ఇంతే, గుండుకు బదులు లోహపు చేప బొమ్మ ఉంటుంది. ఫ్లై సంగతి వేరు. ఈకలు, దారం, కాస్త బొచ్చు కలిపి హుక్‌కి చుట్టిన పురుగు బొమ్మ అది. చేత్తో బలంగా విసిరినా మన కాళ్ల దగ్గరే రాలుతుంది. దానికి బరువు పెడితే నీటి మీద పురుగు వాలినట్టు వాలదు. అందుకని బరువును లైన్‌లో పెట్టారు. మీ రీల్‌లో ఉన్న ఆ లావుపాటి ప్లాస్టిక్ పూత లైన్‌నే మనం విసురుతాం, ఫ్లై దాని కొసన ఊరికే ప్రయాణం చేస్తుంది.

పెట్టె మీద ఉన్న నంబరు చెప్పేది ఆ బరువే. లైన్ మొదటి 30 అడుగులు తూకం వేస్తే అయిదో నంబరు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. మన ఆరో నంబరు 160 గ్రెయిన్లు, పది గ్రాముల పైచిలుకు. సముద్రపు చేపలకి వాడే ఎనిమిదో నంబరు 210 గ్రెయిన్లు. రాడ్‌ని ఆ బరువుకు వంగేటట్టు తయారుచేస్తారు. కాబట్టి పది అడుగుల లైన్ మాత్రమే బయటికి తీసి ఊపితే రాడ్‌కి ఏమీ తెలియదు, అది కర్రలా నిలబడే ఉంటుంది. కొత్తవాళ్లు భయం కొద్దీ తక్కువ లైన్ తీసి, అది పోవడం లేదని బలం పెంచుతూ పోతారు. అలా చేయకండి. రాడ్ కొస రింగు దాటి పాతిక అడుగుల లైన్ బయట ఉండాలి. పెరట్లో కొలిచి, ఆ చోట పర్మనెంట్ మార్కర్‌తో ఒక నల్ల గీత పెట్టుకుంటే ప్రతిసారీ లెక్కపెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడి నుంచి ఈ పాఠానికి కావలసిన సూత్రం ఒకటే బయటికొస్తుంది. లైన్ మెత్తనిది. దాన్ని లాగగలం, నెట్టలేం. లాగాలంటే అది ముందే తిన్నగా, బిగువుగా ఉండాలి. వదులుగా ఉన్నంతసేపూ మన చేతి కదలిక ఆ వదులు తీయడానికే ఖర్చయిపోతుంది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క దాని కోసమే.

చోటు, గాలి, కరెంటు తీగలు

మీకు ముందు పన్నెండు మీటర్లు, వెనక పన్నెండు మీటర్లు ఖాళీ కావాలి. వెడల్పు అయిదారు మీటర్లు చాలు. నేల గడ్డిదే అయి ఉండాలి. సిమెంటు మీద, తారు మీద, బాస్కెట్‌బాల్ కోర్టులో విసిరితే లైన్ మీద పూత గీసుకుపోతుంది, నెల తిరక్కుండానే కొత్తది కొనాలి. మంచు తడి ఉన్న పొద్దుటి గడ్డి అన్నిటికంటే మంచిది.

నిలబడగానే తల పైకెత్తి చూడండి. రాడ్ కార్బన్ ఫైబర్, అంటే కరెంటు దానిగుండా పారుతుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు లోపలి వీధుల్లో తీగలు, కేబుళ్లు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తీగలు కనిపించే చోట రాడ్ అతికించనే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుము వినిపిస్తే అదే క్షణం రాడ్ విప్పేసి లోపలికి పోవాలి. ఇంకో రెండు విసుర్లు వేసి వెళ్దామనుకోవద్దు.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ ఊళ్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఎండ ఎక్కకముందు కాస్త నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు సాధన చేయండి. కుడిచేత్తో విసిరేవాళ్లు గాలి తమ ఎడమ వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. కుడి వైపు నుంచి వస్తే లైన్‌ని మీ మీదకే తోస్తుంది. ఎడమచేతి వాళ్లు ఈ పాఠమంతా కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి. హుక్ లేదు కదా అనవద్దు. వేగంగా వచ్చే నైలాన్ కొస కంటికి తగిలినా ప్రమాదమే. దోమల క్రీము విషయం కూడా ఇక్కడే చెప్పాలి. డీట్ అనే రసాయనం ఉన్న క్రీములు ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. చేతికి రాసుకుని అదే చేత్తో లైన్ పట్టుకుంటే పూత జిగురుగా మారి పగుళ్లు పడుతుంది. రాసుకోక తప్పకపోతే మెడకీ కాళ్లకీ రాసుకుని, అరచేతులు సబ్బుతో కడుక్కోండి.

సిగ్గు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మా కాంప్లెక్స్ వాచ్‌మన్‌ది మడకశిర. లాన్ మీద విసురుతుంటే కాసేపు చూసి, "ఏం సార్, గడ్డిలో చేపలు పడతాండారా?" అన్నాడు. "చేపలు కాదులే అన్నా, చెయ్యి తిరగడానికి" అంటే, "మా చెరువులో నీళ్లొచ్చినప్పుడు రాండి సార్, వలేసి చూపిస్తా" అన్నాడు. పిల్లలు మాత్రం "అంకుల్, ఒక్కసారి!" అని చుట్టూ చేరతారు. రాడ్ ఇవ్వండి, పరవాలేదు. వాళ్లు బలం పెట్టరు కాబట్టి పెద్దవాళ్ల కంటే త్వరగా వస్తుంది. అయితే మీరు విసిరేటప్పుడు మాత్రం ఎవరూ మీ వెనక నిలబడకూడదు. వీధికుక్కలకి కూడా ఎగిరే ఊలు ముక్కంటే మహా సరదా. కుక్క వచ్చిందంటే లైన్ చుట్టేయడమే.

లీడర్, దాని కొసన ఊలు

లావుపాటి లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి నైలానే లీడర్. మొదట లావుగా మొదలై కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, చేతి నుంచి వచ్చిన వేగం ఫ్లై దాకా మెల్లగా తగ్గుతూ అందడానికి. సాధనకి కొన్నది పాడుచేయక్కర్లేదు. చేపల సామాను కొట్లో మూడు రకాల నైలాన్ తీసుకుని మీరే కట్టుకోవచ్చు. 0.45 మిల్లీమీటర్లది మీటరున్నర, దానికి 0.33 ది అర మీటరు, దానికి 0.23 ది అర మీటరు. ముక్కలు కలపడానికి సర్జన్ ముడి చాలు. రెండు కొసల్నీ ఎదురెదురుగా కాస్త ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండిటినీ కలిపి ఒక ఉచ్చు చేసి, పొట్టి కొసనీ చివరి ముక్కనీ ఆ ఉచ్చులోంచి రెండుసార్లు దూర్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా లాగితే ఒరిపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

చివరన ఫ్లైకి బదులు బొటనవేలి గోరంత ఎర్ర ఊలు కట్టండి. పచ్చ గడ్డి మీద బాగా కనిపిస్తుంది. ఊలు లేకుండా ఉత్త లీడర్‌తో విసిరితే కొస కొట్టుకుని ముళ్లు పడిపోతుంది, కాబట్టి ఇది అలంకారానికి కాదు.

రీల్ మీద చాలాకాలం ఉన్న లైన్ చుట్టలు చుట్టలుగానే ఉండిపోతుంది. పాతిక అడుగులూ బయటికి తీసి, ఒక కొస ఎవరికైనా ఇచ్చి, రెండు వైపులా నిదానంగా లాగి కొన్ని క్షణాలు పట్టుకోండి. తిన్నబడుతుంది. ఈ పని చేయకుండా మొదలుపెడితే లైన్ ఎప్పటికీ వదులుగానే ఉంటుంది, తప్పు మీ చేతిదేమో అనుకుంటారు.

పట్టు

కార్కు పిడిని కరచాలనం చేసినట్టు పట్టుకుని, బొటనవేలు పైన, రాడ్ వెన్ను మీద ఉంచండి. గట్టిగా పిసకొద్దు. విసురు ఆగే క్షణంలో మాత్రం వేళ్లు బిగుస్తాయి, వెంటనే వదులవుతాయి. సాధన అయ్యాక అరచెయ్యి నొప్పి పుడుతుంటే పట్టు ఎక్కువైందన్నమాట.

మణికట్టు మొదటి శత్రువు. మనకి గోటీబిళ్ల నుంచి క్రికెట్ దాకా ప్రతి ఆటా మణికట్టు తిప్పడమే నేర్పింది. ఇక్కడ అది తిరిగిందంటే రాడ్ కొస పెద్ద వంపు గీస్తుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, రీల్ కింద ఉండే రాడ్ అడుగు కొసని చొక్కా చేతిలోకి దోపండి. మణికట్టు వంగితే గుడ్డ లాగి చెబుతుంది. కాస్త అలవాటయ్యాక తీసేయవచ్చు.

మొదట పక్కకి, తర్వాత పైకి

చాలా చోట్ల రాడ్‌ని నిలువుగా పట్టి నెత్తి మీదుగా విసరడంతో మొదలుపెడతారు. నాకది తలకిందుల పద్ధతి అనిపిస్తుంది. నెత్తి మీద ఏం జరుగుతోందో కొత్తవాడికి కనిపించదు. మనం నడుము ఎత్తులో, నేలకి సమాంతరంగా మొదలుపెడదాం.

లైన్ పడాల్సిన దిక్కుకి ఎడమ భుజం చూపుతూ పక్కకి తిరిగి నిలబడండి. పాతిక అడుగుల లైన్‌ని ఆ దిక్కున, అంటే మీ ఎడమకి, గడ్డి మీద తిన్నగా పరచండి. రాడ్‌ని నడుము ఎత్తున పడుకోబెట్టి పట్టుకోండి. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి ఒకసారి విసిరి ఆగండి. లైన్ ఎగిరి కుడి పక్క గడ్డి మీద పడనివ్వండి. చూడండి. మళ్లీ కుడి నుంచి ఎడమకి విసిరి ఆగండి. పడనివ్వండి. చూడండి. ప్రతిసారీ లైన్ నేలని తాకాకే తర్వాతి విసురు, కాబట్టి తొందరేమీ లేదు.

గమనించాల్సింది రాడ్ కొసని. అది గాల్లో గీసేది తిన్నటి గీత అయితే, లైన్ ఇరుకైన మడతగా మారి, ఆ మడత విప్పుకుంటూ పోతుంది. దీన్నే లూప్ అంటారు. కొస చాపం గీస్తే మడత వెడల్పుగా, మనిషి ఎత్తుకి తెరుచుకుని, గాలికి ఆగిపోయి కూలుతుంది. ఇరుకు లూప్‌కి గాలి ఎదురు తక్కువ, ఎక్కువ దూరం పోయేది అదే. నేల మీద ఒక తాడు పరిచి రాడ్ కొసని దాని పక్కనే నడపడానికి ప్రయత్నించండి. రాడ్ వంగుతుంది కాబట్టి ఇది సాధ్యమవుతుంది. వంగని కర్రతో అయితే కొస ఎప్పుడూ చాపమే గీస్తుంది. రాడ్‌ని కొనేటప్పుడు మనం డబ్బు పెట్టింది ఆ వంపుకే.

ఇక బలం ఎక్కడ పెట్టాలి? చిన్నప్పుడు తుమ్మ బరిక కొసన బంకమట్టి ముద్ద గుచ్చి విసిరినవాళ్లకి దీని జవాబు చేతుల్లోనే ఉంది. మొదట్లోనే జాడించి విసిరితే ముద్ద ఊడి మన వెనకే పడేది. నెమ్మదిగా కదిలించి, వేగం పెంచుకుంటూ పోయి, టక్కున ఆపితే తాటిచెట్టు ఎత్తుకి పోయేది. ఆ ఆపడమే ముద్దని పంపింది. ఇక్కడా అదే. నెమ్మదిగా మొదలు, కొసకి వేగం, ఆ వేగంలోనే ఖచ్చితంగా ఆగడం. ఆగినప్పుడు వంగిన రాడ్ విచ్చుకుంటుంది, లైన్ దాన్ని దాటి పోతుంది. కొత్తవాళ్లు విసరగలరు, ఆపలేరు. చెయ్యి అలా జారుతూ పోతుంది. ఆగినచోట చెయ్యి గాల్లో నిలిచి ఉందో లేదో ఎదుటివాళ్లని చూడమనండి.

రెండు వైపులా ఇరుకు లూపులు వస్తున్నాయనిపించాక, రాడ్‌ని కొంచెం కొంచెంగా పైకి లేపుతూ అదే కదలికని నలభై అయిదు డిగ్రీల దగ్గర, తర్వాత దాదాపు నిలువుగా చేయండి. ఏ ఎత్తులో చెడిపోతే మళ్లీ ఒక మెట్టు కిందికి రండి. దీనికి ఒక వారం పడితే పట్టనివ్వండి, ఆదివారం పూట రెండు గంటలు ఏకబిగిన చేసే బదులు రోజూ పావుగంట చేయడమే మేలు. మోచెయ్యి నొప్పి పుట్టిన రోజు ఆపేయాలి.

ఎత్తి వేయడం

ఇప్పుడు అసలు విసురు. దిక్కుకి ఎదురుగా, కుడికాలు కొంచెం వెనక్కి పెట్టి నిలబడండి. ఇలా నిలబడితే మెడ తిప్పి వెనక్కి చూడటం తేలిక. లైన్ ముందు పరిచి ఉంది. రాడ్ కొస గడ్డిని తాకేంత కిందికి ఉండాలి. ఇక్కడే సగంమంది పొరపాటు చేస్తారు. కొస ఛాతీ ఎత్తున ఉంటే కొసకీ నేలకీ మధ్య లైన్ వేలాడుతుంది, అదంతా వదులే. కొస దించి, ఎడమచేత్తో కాస్త లైన్ లాగి, ఊలు కదిలేదాకా బిగించండి.

రాడ్‌ని నింపాదిగా లేపుతూ పోతే లైన్ గడ్డిని విడుస్తూ మీ వైపు వస్తుంది. లైన్ అంతా లేచి లీడర్ ఒక్కటే నేల మీద మిగిలినప్పుడు వేగం పెంచి, పైకీ వెనక్కీ విసిరి, బొటనవేలు చెవి పక్కకి వచ్చేసరికి ఆపండి. ఆగండి. మెడ తిప్పి చూడండి. లైన్ మీ వెనక విప్పుకుంటూ పోయి తిన్నబడుతుంది. తిన్నబడిన ఆ క్షణంలో ముందుకి, నెమ్మది నుంచి వేగానికి, కళ్ల ఎత్తు దగ్గర ఆపు. లూప్ ముందుకి విప్పుకుంటుండగా రాడ్ కొసని దాని వెంటే కిందికి దించండి. అంతే, ఒక విసురు. ఒక్కసారి వేసి కింద పడనిచ్చి మళ్లీ మొదలు. గాల్లో ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండటం చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలకీ పనికొస్తుంది, కానీ ఇప్పుడు మనకి వద్దు. తప్పు ఏ విసురులో మొదలైందో అప్పుడు తెలియదు.

ఈ ఆపే చోట్లని గడియారం ముఖంతో చెప్పడం పాత పద్ధతి. ముందు పది గంటలు, వెనక ఒంటిగంట లేదా రెండు. పాతిక అడుగులకి అది పనికొస్తుంది. అమెరికాలో ఎందరికో గురువైన లెఫ్టీ క్రే ఈ గడియారాన్ని పక్కనపెట్టి, దూరానికి విసరాలంటే రాడ్‌ని ఇంకా వెనక్కి తీసుకెళ్లాలని నేర్పాడు. రెండిట్లో గొడవేమీ లేదు. లైన్ పెరిగేకొద్దీ చెయ్యి నడిచే దూరం కూడా పెరగాలి, పొట్టి లైన్‌కి పొట్టి కదలిక చాలు. బిల్ గామెల్, ఆయన తండ్రి జే గామెల్ కలిసి 1990 లో విసురుకి చెప్పిన అయిదు సూత్రాల్లో ఇదొకటి. వదులు లేకపోవడం, కొస తిన్నగా నడవడం, బలం సరైన చోట పెట్టడం, లైన్ తిన్నబడేదాకా ఆగడం మిగతావి. మనం చేస్తున్నవి అవే.

ఎంతసేపు ఆగాలి

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి అంకె లేదు. వెనక ఎంత లైన్ ఉందో దాన్ని బట్టి, గాలిని బట్టి మారుతుంది. పొట్టి లైన్ త్వరగా తిన్నబడుతుంది, పొడుగుది ఆలస్యంగా. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టడం నేర్చుకున్నవాళ్లు నలభై అడుగుల లైన్‌కీ అదే లెక్క పెట్టి చెడగొట్టుకుంటారు. అందుకే చూడమంటున్నాను. వెనక్కి చూస్తూ విసరడం చేతకానితనం కాదు, ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు కూడా చూస్తారు. కొన్నాళ్లకి లైన్ తిన్నబడినప్పుడు రాడ్‌లో చిన్న లాగుడు చేతికి తెలుస్తుంది. అప్పుడు చూడటం దానంతట అదే తగ్గుతుంది.

త్వరపడితే చెవి వెనక ఛెళ్లుమని చప్పుడు వస్తుంది. పక్కనున్నవాళ్లు భలే ఉందంటారు గానీ, అక్కడ ఊలు బదులు ఫ్లై ఉంటే తెగిపోయి ఉండేది. ఎక్కువసేపు ఆగితే లైన్ వెనక గడ్డి మీద వాలుతుంది. మొదటి రోజుల్లో ఈ రెండో తప్పు చేయడమే నయం, దాన్ని సవరించుకోవడం తేలిక.

వెనక గడ్డికి తగలడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. రాడ్‌ని బాగా వెనక్కి వాల్చి ఆపితే, వెనక ఎంత బాగా విసిరినా లైన్ నేలకే పోతుంది. రెండిట్లో ఏదో తేల్చుకోవడానికి ఫోన్ పనికొస్తుంది. పక్క నుంచి, వెనక నల్లటి చెట్లు ఉండేలా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. నారింజ రంగు లైన్ స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరైనా సలహా చెప్పేముందు ఆ వీడియో చూసుకోండి, సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

లీడర్ మీద చిన్న చిన్న ముళ్లు పడుతున్నాయంటే, గాలిని తిట్టవద్దు. ముందుకు విసిరేటప్పుడు మొదట్లోనే జాడిస్తున్నారు. రాడ్ ఒక్కసారిగా వంగి కొస కిందికి దిగి, లూప్ పై భాగం కింది భాగాన్ని దాటి చిక్కుపడుతోంది. ఆ ముడి ఉన్నచోట నైలాన్ బలం బాగా తగ్గిపోతుంది, ఊలుతో ఉన్నప్పుడు పట్టించుకోకపోయినా నీళ్ల దగ్గర ముడి కనిపిస్తే ఆ ముక్క కోసి పారేయాలి.

ముందు కుప్పగా పడుతోందంటే చాలావరకు ఆపు లేదన్నమాట. మళ్లీ నడుము ఎత్తుకి దిగి బంకమట్టి విసురు నాలుగు వేసి రండి.

ఎడమచెయ్యి గురించి ఎవరూ ఆలోచించరు. అది రీల్‌కీ మొదటి రింగుకీ మధ్య లైన్ పట్టుకుని, నడుము దగ్గర కదలకుండా ఉండాలి. రాడ్ వెనక్కి పోతుంటే దాని వెంట ఎడమచెయ్యి పైకి లేచిందా, అంత మేరా వదులు వచ్చేసినట్టే. లైన్ కింద పడ్డాక దాన్ని కుడి చూపుడువేలి కిందికి అందించి నొక్కిపెట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. చేప లాగేటప్పుడు ఆ వేలే బ్రేకు.

గురి, దూరం

విసురు కుదిరిందనిపించాక గడ్డి మీద పిల్లల హూలా హూప్ ఒకటి మీ ఊలు పడే దూరంలో పెట్టండి. గురి నేల మీద పెట్టకండి, హూప్‌కి ఒక మీటరు పైన గాల్లో పెట్టండి. లైన్ అక్కడ తిన్నబడి, ఊలు తనంతట తాను దిగుతుంది. నేలకే కొడితే లైన్ ముందు తాకుతుంది, ఊలు తర్వాత వస్తుంది. నీళ్ల మీద అయితే ఈలోగా చేప వెళ్లిపోతుంది. పదింట్లో ఏడు హూప్ లోపలో దాని అంచునో పడ్డాయంటే మూడో పాఠానికి తయారైనట్టే.

ఇరవై మీటర్లు ఎప్పుడు విసురుతామని అడగవద్దు. మనం మొదట పట్టబోయే జిలేబీ చేప (తిలాపియా) గట్టు పక్కనే, ఎనిమిది పది మీటర్ల లోపలే తిరుగుతుంది. కొందరు కావేరిలోని మాహసీర్ అనే భారీ చేప ఫొటోలు చూసి ఈ దారికి వస్తారు. దూరపు విసురు అడిగేది వాళ్లే. 1946 లో కబినిలో డి వెట్ వాన్ ఇంగెన్ 120 పౌండ్ల మాహసీర్ పట్టిన సంగతి వాళ్లకి కంఠతా వచ్చు. అదే నదీ పరీవాహకంలోని మూపురం మాహసీర్‌ని 2018 లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. కావేరి ఒడ్డున భీమేశ్వరి దగ్గర ఒకప్పుడు గాలం శిబిరాలు నడిచిన తీరం అభయారణ్యంలోనిది, ఇప్పుడు అక్కడ గాలం వేయడం కుదరదు. మాహసీర్ కోసం నేర్చుకునేవాళ్లు జిలేబీతో మొదలుపెట్టడం నామోషీ అనుకుంటే, ఈ పాఠాలు వాళ్లకి పెద్దగా ఉపయోగపడవు.

మూడో పాఠానికి ముందు

వచ్చే పాఠం నీళ్ల దగ్గర. వెనక చెట్లున్న గట్టున వెనక్కి విసరకుండానే లైన్ పంపే రోల్ కాస్ట్ నేర్చుకుందాం. దానికి నీటి పట్టు కావాలి, గడ్డి మీద సరిగా రాదు.

ఈలోగా నీళ్లు చూసిపెట్టుకోవడం మీ పని. నగరంలోని చాలా చెరువుల్లో గాలం నిషేధం, గేటు దగ్గర బోర్డు ఉంటుంది. ఊరి బయట చెరువుల్లో చేపల హక్కు ఎవరో ఒకరు గుత్తకి తీసుకుని ఉంటారు. గట్టు మీద వల ఆరేసుకునే మనిషిని పలకరిస్తే ఎవరిని అడగాలో చెబుతాడు. కోలారు, ములబాగిలు వైపు వెళ్తే తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. అయితే అటు చాలా చెరువులకి ఇప్పుడు బెంగళూరు నుంచి శుద్ధిచేసిన మురుగునీరు వస్తోంది, చేతులు పెట్టేముందు ఆ చెరువుకి నీళ్లు ఎక్కడివో కూడా అడగండి. డబ్బు తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు కుంటలు మొదటిసారికి అన్నిటికంటే సుఖం. ఫోన్ చేసినప్పుడు రెండే ప్రశ్నలు: గట్టు వెనక పన్నెండు మీటర్లు ఖాళీ ఉందా, పట్టిన చేపని వదిలేయనిస్తారా.

పదో నంబరు, పన్నెండో నంబరు ఫ్లైలు (ఇక్కడ నంబరు హుక్ సైజుది, లైన్ బరువుది కాదు) అరడజను, ముక్కు సన్నగా ఉన్న పట్టకారు ఒకటి, రెండడుగుల నైలాన్ వల బుట్ట ఒకటి తెచ్చిపెట్టుకోండి. ప్రతి హుక్‌కీ మొన వెనక ఉండే ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కి చదును చేసి ఉంచండి. చేపకి గాయం తక్కువ, మీ చెవికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.